పిసినారి, లోభి, కృపణుడు: ఈయని చేతికి ఎన్ని పేర్లు!

సరిహద్దు పల్లెలలో ఒకే మనిషికి ఒకే వీధిలో మూడు పేర్లు పెట్టడం వింత కాదు. చేయి విదల్చని ఆసామిని ముసలివారు పిసినారి అంటారు. తమిళ బడికి పోయే పిల్లలు కంజన్ అంటారు. చెన్నై కంపెనీలలో పనిచేసి వారాంతంలో ఇంటికి వచ్చే యువకులు కంజూసు అంటారు. ముగ్గురూ ఒకే తిట్టు తిట్టామనుకుంటారు గనుక ఎవరికీ పేచీ లేదు. అయితే మన పెద్దలు ఈయని గుణానికి ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. తాను తినక పరులకు పెట్టనివానికి ఒక మాట, తాను తిని పరులకు పెట్టనివానికి ఒక మాట, ఆలుబిడ్డలను మాడ్చి కూడబెట్టేవానికి ఇంకొక మాట, అసలు లేక ఈయలేనివానికి వేరొక మాట వాడేవారు. ఈ భేదాలు చెరిగిపోవడం వలన నష్టం నిఘంటువుకు మాత్రమే కాదు. వైద్యానికని నాలుగు రూపాయలు ముడివేసుకున్న ముసలితల్లికి, ఇనప్పెట్టె మీద కూర్చున్న వడ్డీ వ్యాపారికి ఒకే పేరు పెట్టడం వలన ఇళ్ళలో ఎన్ని మనసులు విరుగుతున్నవో పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ మాటలన్నీ అచ్చుకెక్కిన ఊరు మన చెన్నపట్నమే. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో ఇక్కడే వెలువరించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో ఇక్కడే వెలువడింది. సూర్యరాయాంధ్ర నిఘంటువును తలపెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఇక్కడే పుట్టింది. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. బ్రౌను కడపలో ఉండగా పండితులకు, లేఖకులకు తన సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్ళు తీయించినవాడు. సూర్యరాయాంధ్రమో, పిఠాపురం మహారాజుగారి వితరణ లేనిదే అడుగు ముందుకు పడేది కాదు. దాని తొలి సంపుటం 1936లో వచ్చింది. పిసినితనానికి మనకు ఎన్ని మాటలున్నవో లెక్కతేల్చినవారు పిసినారులు కారన్నమాట.

ముందుగా సంస్కృతం నుండి మనకు వచ్చిన మాటలు చూద్దాం. అమరకోశంలో దాతకు వ్యతిరేకమైన మనిషికి అయిదు పేర్లు ఒకచోటనే కనబడతవి. కదర్యుడు, కృపణుడు, క్షుద్రుడు, కింపచానుడు, మితంపచుడు. చివరి రెండింటిలోనూ ఉన్నది వంట. మితంపచుడు అంటే కొలిచి వండేవాడు. ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టి అంతకే బియ్యం పోసేవాడు; వేళకాని వేళ వచ్చిన అతిథి మాట వాని లెక్కలో ఉండదు. కింపచానుడు అంటే ‘ఏమి వండుతాడు వీడు?’ అని అడిగించుకొనేవాడు. లోభాన్ని డబ్బుసంచి దగ్గర కాక పొయ్యి దగ్గర పట్టుకున్న పూర్వుల చూపు మెచ్చదగినది. పల్లెటూళ్ళలో ఈనాటికీ ఎవరి చేయి ఎటువంటిదో తెలిసేది వంటింటిలోనే గదా.

కదర్యుడన్నది గట్టి మాట. చెడ్డ యజమాని అని దాని అవయవార్థం. పూర్వులు దీనికి నిర్వచనం కూడా చెప్పారు. ధనాశ చేత తనను తాను పీడించుకుంటూ, ఆలుబిడ్డలను, తల్లిదండ్రులను, పనివారిని కూడా బాధపెట్టి, చేయవలసిన ధర్మకార్యాలు మానుకొనేవాడు కదర్యుడు. అంటే పరులకు ఈయకపోవడం ఇక్కడ ప్రధానం కాదు, తనవారిని మాడ్చడం ప్రధానం. ఈ మాట వాడుకలో లేదు కాని మనిషి మనకు బాగా తెలిసినవాడే. జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన ‘అహ నా పెళ్ళంట’ చిత్రంలో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పాత్ర అచ్చంగా కదర్యుడు. ఇంటి కప్పుకు కోడిని వేలాడదీసి, దానిని చూస్తూ వట్టి అన్నం తినే ఆ దృశ్యాన్ని తలచుకొని నవ్వని తెలుగు ఇల్లు లేదు. కోట 2025లో కన్నుమూసినప్పుడు కూడా చాలామంది మొట్టమొదట తలచుకున్నది ఆ కోడినే. నవ్వు పక్కన పెట్టి చూస్తే, ఆ ఇంట్లో ఉన్న కూతురికి అది నవ్వులాట కాదు. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1668లో ప్రదర్శించిన పిసినారి నాటకంలోనూ ఇదే సంగతి. అర్పగోన్ అనే ఆ ముసలివాడు పాతిపెట్టిన పెట్టె కోసం సొంత బిడ్డల జీవితాలను బేరం పెడతాడు. దేశాలు వేరైనా కదర్యుని దెబ్బ మొదట తగిలేది ఇంటివారికే.

కృపణుడనే మాటకు ఇంకా వింత చరిత్ర ఉన్నది. కృప అంటే జాలి. ఆ కుదుటి నుండి వచ్చిన కృపణ శబ్దానికి మొదటి అర్థం ‘జాలిపడదగినవాడు, దీనుడు’ అని. భగవద్గీత రెండవ అధ్యాయంలో ఫలం కోసమే పనిచేసేవారిని కృపణులన్నాడు శ్రీకృష్ణుడు. అక్కడ డబ్బు ప్రసక్తి లేదు. చేతిలో ఉండి కూడా అనుభవించలేనివాడు, ఈయలేనివాడు జాలిపడదగినవాడే గనుక క్రమంగా పిసినారికి ఆ పేరు స్థిరపడింది. తిట్టులో కూడా కొంత జాలి దాగి ఉన్న మాట ఇది. ఇక దాని భావవాచకం కార్పణ్యం ఏమైందో చూడండి. నేటి వార్తాపత్రికలలో ‘కక్షలు కార్పణ్యాలు’ అనే జంట కనబడని రోజు అరుదు. పిసినితనమని అర్థమిచ్చే మాట పగకు తోడుగా నిలబడి, తానూ పగయే అనిపించుకొంటున్నది. క్షుద్రుడన్న మాటకూ అదే గతి పట్టింది. అల్పుడు, చేయి చిన్నవాడు అని చెప్పవలసిన మాట క్షుద్రపూజల పాలయింది. మాటకు కొత్త అర్థం రావడం తప్పు కాదు గాని, పాత అర్థం ఒకటుండేదని తెలిసినవారు ఇంటికొకరైనా ఉండడం మేలు.

లోభికి వద్దాం. లోభమంటే నిజానికి పేరాశ. అరిషడ్వర్గంలో కామక్రోధాల తరువాత వచ్చే లోభం ఇదే. లుబ్ధకుడంటే వేటగాడు. పంచతంత్ర సంప్రదాయపు కథలలో వలపన్ని నూకలు చల్లేవాడు లుబ్ధకుడే. చిన్నయసూరి చెన్నపట్నంలో ఉండి రాసిన నీతిచంద్రిక (1853) చదివిన తరం వారికి ఆ వల, ఆ నూకలు, ఆ పావురాలు ఇంకా గుర్తుండవచ్చును. కాబట్టి లోభిలో ముఖ్యం కావాలనే ఆకలి, పిసినారిలో ముఖ్యం వదలలేని పిడికిలి. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు గాని ఉండితీరాలని లేదు. ఎదుటివాని సొమ్ము గవ్వ ఆశించక, తన సొమ్ము గవ్వ విడువక బ్రతికే పిసినారులు మన ఊళ్ళలో ఎందరో. వారు పిసినారులే కాని లోభులు కారు. దీనికి ఎదురుగా, పెళ్ళిలో వేలకు వేలు వెదజల్లి, ఆ వేలను అప్పులవాళ్ళ వద్ద పిండుకొనేవాడు లోభియే కాని పిసినారి కాడు. ఊరు మాత్రం రెండవవానినే దాత అంటుంది. కక్కుర్తి ఈ రెండింటికీ బంధువు. అల్పమైన దానికి ఆశపడి మర్యాద పోగొట్టుకోవడం అది. అందుకే ‘కాసుకు కక్కుర్తి’ అంటాము గాని లక్షకు కక్కుర్తి అనము.

అచ్చతెలుగు మాటలలో బలమైనది పిసిని. పిసినారి, పిసినిగొట్టు దాని సంతానం. పీనాసి కూడా ఇదే కోవలోనిది. ఇది సరిహద్దుకు అటూ ఇటూ ఒకే రూపంలో వినిపించే మాట. తమిళులూ పిసినారి అనే అంటారు. తమిళంలో పిసిన్ అంటే జిగురు, బంక. చేతికి అంటుకొని వదలని బంకకూ, పైసా వదలని పిడికిలికీ చుట్టరికం కలపాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కుదిరినట్లు కాదు. లోభి శబ్దం తమిళంలో ఉలోభిగా మారింది. లోకం ఉలగమైనట్లే, లకారంతో మాట మొదలుపెట్టని తమిళ సంప్రదాయం ముందొక ఉకారాన్ని చేర్చింది. కరుమి, కంజన్ అనేవి వారి సొంత వాడుకలు. మనకు ఈవి ఎటువంటిదో వారికి ఈగై అటువంటిది, ‘ఈ’ అనే ఒకే ధాతువుకు పుట్టిన కవలలవి. తిరుక్కురళ్‌లో ఇరవైమూడవ అధ్యాయం పేరే ఈగై. ఈయనివాని సంపదను గురించి నూటొకటవ అధ్యాయం వేరుగా ఉన్నది. ఎవరికీ అక్కరకు రానివాని సంపద ఊరి నడుమ విషవృక్షం కాయలు కాసినట్లని అక్కడ వళ్ళువర్ పోల్చాడు. చెన్నై నుంగంబాక్కంలో 1976లో కట్టిన వళ్ళువర్ కోట్టంలో 1330 కురళ్ళూ రాతి మీద చెక్కి ఉన్నవి. పిల్లలను సముద్రానికీ జంతుప్రదర్శనశాలకూ తీసుకుపోయే మన కుటుంబాలు ఆ వైపు కూడా ఒకసారి నడవవచ్చును.

ఇంకొక ముచ్చట. తొల్కాప్పియమనే ప్రాచీన తమిళ వ్యాకరణం అడగడానికి మూడు మాటలున్నవని చెప్పింది. తక్కువవాడు ఎక్కువవానిని అడిగితే ‘ఈ’, సమానుడు అడిగితే ‘తా’, ఎక్కువవాడు తక్కువవానిని అడిగితే ‘కొడు’. ఇచ్చేవాని గుణం కాదు, అడిగేవాని మెట్టు చూసి మాట మారిందన్నమాట. ఊత్తుకోట సంతలో ఈనాడు అందరూ అందరినీ కొడు అనే అడుగుతున్నారు.

మాటలకంటె సామెతలు చురుకైనవి. ‘ఎంగిలి చేత్తో కాకిని తోలడు’ అన్నది మనకెంత సొంతమో తమిళులకూ అంతే సొంతం, మాట మార్పు కూడా పెద్దగా లేదు. నగర వాసులకు ఈ సామెత సగమే అర్థమవుతుంది. అరుగు మీద కూర్చొని తింటుండగా కాకి వచ్చి వాలుతుంది. తింటున్న చేయి విసిరితే వేళ్ళకు అంటిన మెతుకులు రెండు రాలి కాకి పాలవుతవి. ఆ రెండు మెతుకులకు కూడా గుండె ఒప్పనివాడు చేయి విసరడు. ‘పిల్లికి బిచ్చం పెట్టడు’ అన్నది ఇంకొక మెట్టు. ‘అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు’ అన్నదానిలో మాత్రం పిసినితనం కాదు, అధికారం ఉన్నది. ‘దమ్మిడీ రాల్చడు’ అని మనం ఇప్పటికీ అంటాము. 1957లో నయాపైసలు వచ్చి దమ్మిడీ పోయినా, రాల్చనివాడు పోలేదు. దీనికి ఎదురుమాట ‘ఎముక లేని చేయి’. అడ్డులేకుండా ఇచ్చే చేతిని అంత అందంగా చెప్పిన మాట ఇంకొకటి తోచదు. వేమన లోభిని తేనెటీగతో పోల్చాడు. కూడబెట్టేది తాను, పట్టుకుపోయేది దారినపోయేవాడు. ఆ వేమనను ఏరి 1829లో చెన్నపట్నంలో అచ్చువేయించినవాడు కూడా బ్రౌను దొరయే.

ఇక అసలు చిక్కు. లేమి వేరు, ఈయమి వేరు. లేక ఈయనివాడు దరిద్రుడు, ఉండి ఈయనివాడు పిసినారి. ఇంత సులభమైన భేదాన్ని కూడా మనం కోపంలో మరచిపోతాము. నీళ్ళ సంగతిలో ఇది తరచు కనబడుతుంది. 1983 ఏప్రిల్ 18న రెండు రాష్ట్రాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం కృష్ణా నీరు ఏటా 15 శతకోటి ఘనపుటడుగులు చెన్నై కోసం కేటాయించారు. దారి నష్టం పోగా సరిహద్దుకు చేరవలసినది 12. నీరు 1996లో గాని ఊత్తుకోట దగ్గరి సరిహద్దుకు చేరలేదు. చాలా ఏళ్ళు ఆ 12 పూర్తిగా చేరనూ లేదు. అటువారు ఇటువారిని పిసినారులన్నారు. ఇటు రైతులు తమ పైర్లు ఎండుతుండగా కాలువ పక్కన నిలబడి చూస్తూ, ఇస్తున్నది మేమే గదా అన్నారు. జలాశయంలో నీరు ఉండి తూము మూసితే అది పిసినితనం. వాన లేక అడుగు కనబడితే అది లేమి. వానకాలంలో పిచ్చాటూరు ఆరణియార్ గేట్లు ఎత్తితే దిగువన ఉన్నవారు ఔదార్యం చాలునని మొక్కవలసి వస్తుంది! ఊళ్ళమీద, రాష్ట్రాలమీద మనుషుల గుణాలు అంటగట్టడంలో ఉన్న కష్టం ఇదే.

ఇళ్ళలో ఈ పొరపాటు ఇంకా నొప్పి కలిగిస్తుంది. పొదుపరికీ పిసినారికీ చేతలు ఒకటిగానే కనబడతవి. ఇద్దరూ దీపం ఆర్పుతారు, ఇద్దరూ చిరిగిన గుడ్డ కుట్టుకుంటారు, ఇద్దరూ గీసిగీసి బేరమాడతారు. పైకి తెలియని తేడా ఒకటే. అవసరం వచ్చిననాడు పొదుపరి ముడి విప్పుతాడు, పిసినారికి అవసరమనేదే రాదు. అందుచేత అవసరం రాకముందే ఎవరినీ పిసినారి అని తేల్చడానికి వీలులేదు. మామిడి ధర పడిపోయిన సంవత్సరం, మగ్గం ఆగిపోయిన నెల చూసిన అత్తగారు, నెలజీతం వచ్చే ఇంటి నుండి వచ్చిన కోడలికి పిసినారిగా తోచడం సహజం. ఆమె దాచినది ఎందుకో కోడలికి తెలిసే రోజు సాధారణంగా ఆసుపత్రిలోనే వస్తుంది.

కొన్ని కులాలను, వృత్తులను గంపగుత్తగా పిసినారులని ఎగతాళి చేసే సామెతలు కూడా మనకున్నవి. కెప్టెన్ కార్ 1868లో చెన్నపట్నంలో అచ్చువేసిన తెలుగు సామెతల సంపుటి వంటి వాటిలో ప్రతి కులమూ ఏదో ఒక దెబ్బ తింటుంది. దుకాణదారు వంతు వచ్చేసరికి ఆ దెబ్బ పిసినితనమే. వాటికి జవాబు మన పాఠకులు వారానికి రెండుసార్లు రైలు కిటికీలో నుండి చూస్తూనే ఉన్నారు. తిరుత్తణి నుండి, అరక్కోణం నుండి చెన్నైకి పోయే లోకల్ రైలు పట్టాభిరామ్ దాటాక ‘హిందూ కాలేజ్’ అనే స్టేషన్లో ఆగుతుంది. ఆ పేరు పక్కనే ఉన్న కళాశాలది. కళాశాల పూర్తి పేరులో ఉన్నవారు ధర్మమూర్తి రావుబహదూర్ కలవల కన్నన్ చెట్టిగారు. చెన్నపట్నంలో వ్యాపారం చేసిన తెలుగు వైశ్య కుటుంబం వారిది. ఆ పేరుతో నడిచే ధర్మనిధి బడులను, కళాశాలను పోషించింది. పేరుకు ముందు ‘ధర్మమూర్తి’ అని రాయించుకోవడం తేలిక. రైల్వే స్టేషన్‌కు పేరు వచ్చేటంత కాలం ఆ ధర్మం నిలవడం తేలిక కాదు.

దీని పక్కన పచ్చయ్యప్ప మొదలియారు కథ చెప్పక తప్పదు. మన ఆడపడుచులు మొక్కులకు పోయే పెరియపాళెం భవానీ అమ్మవారి ఊరే ఆయన పుట్టిన ఊరు. 1754లో ఒక బీద వితంతువుకు పుట్టి, చెన్నపట్నంలో దుబాసీగా ఎంతో ధనం గడించి, 1794లో మరణించేముందు ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపెట్టాడు. ఇచ్చినవాడు ఇచ్చాడు. ఇప్పించవలసినవారు ఇప్పించలేదు. వారసుల తగాదాలలో, కోర్టు వ్యవహారాలలో దశాబ్దాలు గడిచినవి. చివరకు న్యాయస్థానం కలుగజేసుకొని సొమ్మును చేజిక్కించుకున్న తరువాత 1842లో పచ్చయ్యప్ప బడి వెలిసింది. అదే ముదిరి కళాశాల అయింది. చచ్చినవాని దానాన్ని బ్రతికినవారు బిగబట్టడానికి మన నిఘంటువులలో వేరే మాట లేదు. ఉండవలసినది. ధర్మసత్రాల మాన్యాలు, గుడి భూములు, బడికిచ్చిన స్థలాలు మన సరిహద్దు మండలాలలో ఏమైనవో తెలిసినవారు ఆ మాటను కనిపెడితే బాగుంటుంది.

చివరగా పిల్లల సంగతి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరించినపుడు తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు పరిసరాలు ఇటు వచ్చినవి. మనుషుల మాట మాత్రం గీత దాటలేదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి ఏటేటా ఒక్కో తరగతికి తప్పనిసరి చేస్తూ 2015-16లో పదవ తరగతికి చేరింది. అప్పటి నుండి అటు తెలుగు పిల్లలలో చాలామందికి తెలుగు ఇంట్లో వినే మాటే గాని చదివే అక్షరం కాదు. చదువురాని భాషలో ముందుగా పోయేవి సూక్ష్మభేదాలు చెప్పే మాటలే. అన్నం, నీళ్ళు, అమ్మ మిగులుతవి. కక్కుర్తికీ పిసినితనానికీ తేడా మిగలదు. ఇటు పిల్లలు మాత్రం ఏమంత మెరుగు? ఆంగ్ల మాధ్యమంలో చదువుతున్నవారికి కృపణుడంటే ఎవరని అడిగితే ఏదో దేవుని పేరనుకుంటారు.

తడ, ఆరంబాకం, నాగలాపురం, నగరి, పళ్ళిపట్టు, హోసూరు వైపు పల్లెలలో చేయి విదల్చనివానిని గురించి నిఘంటువులకెక్కని మాటలు, సామెతలు ఇంకా వాడుకలో ఉండి ఉంటవి. మీ ఇంట్లో అవ్వ, తాత ఇప్పటికీ అనే మాట ఏదైనా ఉంటే, ఏ సందర్భంలో అంటారో కూడా చేర్చి, ఊరి పేరుతో పత్రికకు పంపగోరుతున్నాము. ఎవరిని ఉద్దేశించి అంటారో మాత్రం రాయనక్కరలేదు.